పల్నాటి జున్ను



పల్నాడను పేరు పాలనాడు నుండి వచ్చెనని కొందఱు, పల్లెనాడు నుండి అని కొందఱు, పల్లవనాడు నుండి అని మఱికొందఱు చెప్పుదురు. ఆ వివాదమును తీర్చుటకు నేను పూనుకొనను. నేటి ప్రసంగమునకు పాలే చాలును. అందును ఈనిన పశువు తొలిపాలు, వానితో చేయు జున్ను.

ఆంగ్లేయుల చీజును సైతము మనవారు జున్ననిరి. పేరొక్కటియే గాని వస్తువులు వేఱు. చీజు చేయుటకు పాలలో పులుపైనను, లేగదూడ కడుపునుండి తీసిన రెన్నెట్టు వంటి తోడైనను వేయవలెను. జున్నునకు వేడి యొక్కటి చాలును. తొలిపూట పాలలో మాంసకృత్తులు మామూలు పాలకంటె నాలుగైదు రెట్లుండుటచే అవి వేడి తగిలిన గడ్డకట్టును.

ఆ పాలు మిక్కిలి చిక్కన గనుక వానికి సమముగ గాని రెట్టింపు గాని మామూలు పాలు కలుపుదురు. బెల్లము కరగించి వడబోసి, మిరియములు, ఏలకులు దంచి వేసి, గిన్నెను నీరున్న పెద్దపాత్రలో నిలిపి, మూతపెట్టి ఆవిరిపై ఉడికింతురు. నేరుగ మంటపై పెట్టినచో అడుగంటి విఱిగిపోవును. పుల్ల గ్రుచ్చి తీసినపుడు అంటకుండ వచ్చెనా, జున్ను సిద్ధమైనట్లు.

క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున రోమునందు కేటో అను రాజనీతిజ్ఞుడు సేద్యమును గూర్చి గ్రంథము వ్రాసెను. అందు సవిల్లమను వంటకమున్నది. రెండున్నర పౌనుల చీజు, అరపౌను పిండి, పావుపౌను తేనె, ఒక గ్రుడ్డు కలిపి, మట్టిమూకుడులో మూతవేసి కాల్చి, పైన తేనె పూసి, గసగసాలు చల్లుమనెను. నేడు పాశ్చాత్యులు బ్రీ అను మెత్తని చీజును పొయ్యిలో వెచ్చజేసి, తేనెయో పండ్లపాకమో పోసి, కాల్చిన రొట్టెముక్కలతో భోజనారంభమున తినుచున్నారు. ఆ బ్రీ వేడికి కరగును, మన జున్ను వేడికే గట్టిపడును. వెచ్చని జున్ను జొన్నరొట్టెపై పెట్టుకొని తిన్నవారు కేటోను చూచి అసూయపడ నక్కఱలేదు.

పాలు విఱుచుటయు మన పూర్వు లెఱిగినదే. చాతుర్మాస్యములందలి వైశ్వదేవ పర్వమున కాగిన పాలలో పెరుగు పోయుదురు. గట్టిభాగము ఆమిక్ష, దిగిన నీరు వాజినము. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున రచించిన అభిలషితార్థచింతామణిలో, విఱిచిన పాలముద్దకు బియ్యపుపిండి చేర్చి, నేతిలో వేచి, చక్కెరపాకమున వేయు విధానమున్నది. పల్నాటి వీరులు కారెంపూడిలో పోరాడినదియు ఆ శతాబ్దముననే.

అమరసింహుడు తొలిపాలకు పీయూషమని పేరు చెప్పెను. అమృతమునకును అదే పేరు. దూడ పట్ల ఇది అక్షరాల నిజము. గర్భమున నున్నపుడు తల్లి రక్తమునుండి దూడకు రోగనిరోధకశక్తి సంక్రమింపదు. ముఱ్ఱుపాల వలననే రావలెను. దానిని యథాతథముగ గ్రహించు సామర్థ్యము దూడ ప్రేగులకు పుట్టిన తొలిదినముననే యుండును. ముందు దూడ, పిమ్మట ఇల్లు, ఆపైన ఇరుగుపొరుగు అను వరుసను పాటించి, జున్నుపాలు పంచవలెనే గాని అమ్మరాదని మా పెద్దలనెడివారు. పాలకు వెల కట్టిన దినమున మొదట తగ్గునది దూడవంతే యని వారెఱుగుదురని నా తలంపు.

పశువుల విలువ ఈ సీమకు క్రొత్తది కాదు. కారెంపూడి వీరుల తిరునాళ్ళలో మూడవదినము మందపోరు; ఆలమందను గాచుటకై జరిగిన పోరునకు స్మారకము. బ్రహ్మనాయుని చాపకూడు, అనగా అన్ని కులములవారు ఒకే చాపపై కూర్చుండి తిను కూడు, నేటికిని ఆనాడే జరుగును.

1967లో నాగార్జునసాగరపు నీరు కాలువలకు వదలిన పిమ్మట ఎన్నో మెట్టలు మాగాణులయ్యెను. పాలు ఊరు దాటి పోవుట పెరిగెను. జున్నును మిఠాయి అంగళ్ళలోను, తోపుడుబండ్లమీదను అమ్ముచున్నారు. తొలిపాలు దొరకనిచో మామూలు పాలలో చైనాగడ్డి వేసి గడ్డకట్టించి అదే పేరుతో అమ్మువారును కలరు. పరీక్ష సులభము: ఒక ముక్కను గిన్నెలో వేసి నీటితో బాగుగ మరిగింపుడు. చైనాగడ్డిది కరగిపోవును, తొలిపాలది కరగదు.