పాట విన్న చెవి – తీర్పు వ్రాసిన కలము

రేడియోలో క్రొత్త తరహా పాట ఒకటి వినవచ్చినప్పుడు ఇంటిలో రెండు తీర్పులు ఒకేసారి వెలువడడం మనకందరకు అనుభవమే. పెద్దవారు మీట త్రిప్పి కట్టివేయబోతారు, పిల్లలు అడ్డుపడతారు. పాట ముగిసే వరకు ఓపికతో విన్నవారు వీరిలో ఎవరు అని మాత్రం ఎవరూ అడగరు. వినడమే వృత్తిగా గల సంగీత విమర్శకుల విషయంలో ఆ ప్రశ్న అడిగి చూచినట్లయితే చరిత్ర విచిత్రమైన సమాధానాలు చెప్పుతుంది. 1960 దశకంలో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరం నుండి వచ్చిన బీటిల్సు బృందం పాటలను ఆనాటి పత్రికలు స్వీకరించిన తీరు ఇందుకు మంచి నిదర్శనం.

జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురు యువకుల బృందం అది. వీరి కీర్తికి మూలం ‘సింగిల్’ అనే చిన్న గ్రామఫోను రికార్డు. ఏడంగుళాల వెడల్పు, నిమిషానికి 45 చుట్లు, ఒక్కొక్క ప్రక్కన ఒక్కొక్క పాట. పాట నిడివి సాధారణంగా రెండు మూడు నిమిషాలు. లండన్‌లోని సంగీత వారపత్రికలు ఇటువంటి రికార్డులను వారం వారం సమీక్షించేవి. రాశిగా వచ్చిపడే రికార్డులలో ఒక్కొక్కదానికి దక్కేది కొద్ది వాక్యాలు మాత్రమే. పాటలో ఉత్సాహం ఉన్నదా, అది అమ్ముడుపోగలదా అని చెప్పడానికి ఆ చోటు చాలును గాని, పాట కట్టుబడిని పరిశీలించడానికి చాలదు.

అసలు ఆదిలోనే ఈ బృందానికి తిరస్కారం ఎదురైనది. 1962 జనవరి 1వ తేదీన డెక్కా కంపెనీ వారు వీరి పాట విని, వద్దన్నారు. తరువాత పార్లోఫోన్ శాఖకు అధిపతియైన జార్జ్ మార్టిన్ వీరిని చేరదీసినాడు. 1962 అక్టోబరు 5న వెలువడిన తొలి రికార్డు ‘లవ్ మీ డూ’ అమ్మకాల పట్టికలో 17వ స్థానం దాటలేదు. 1963 జనవరిలో ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ వచ్చినది. ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో కీత్ ఫోర్డైస్ దాని వేగాన్ని, చైతన్యాన్ని మెచ్చుకొన్నాడు. ఆగస్టులో ‘షీ లవ్స్ యూ’ వచ్చేసరికి ఇంగ్లండు అంతటా వీరి పేరు మారుమ్రోగినది. వీరు పాడే చోటులలో బాలికల కేకలలో పాట వినబడడమే గగనమైనది. పత్రికలకు ఆ కేకలే వార్త అయినవి.

ఇట్టి సమయంలో, 1963 డిసెంబరు 27న, లండన్ ‘టైమ్స్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చినది. ఆనాటి పద్ధతి ప్రకారం రచయిత పేరు లేదు. వ్రాసినది ఆ పత్రిక సంగీత విమర్శకుడు విలియం మాన్. శాస్త్రీయ సంగీత సభలను, సంగీత నాటకాలను సమీక్షించే పండితుడాయన. కేకలతో, జనసమ్మర్దంతో తనకు పని లేదనీ, సంగీతాన్ని గురించియే వ్రాస్తున్నాననీ ఆయన ముందుగానే స్పష్టం చేసినాడు. లెనన్, మెకార్ట్నీలను ఆ సంవత్సరపు ఆంగ్ల స్వరకర్తలలో అగ్రగణ్యులుగా పేర్కొన్నాడు. ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ రికార్డుకు రెండవ ప్రక్కన ఉన్న ‘దిస్ బోయ్’ అనే విషాద గీతంలోని స్వరమేళనాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపినాడు. ‘నాట్ ఎ సెకండ్ టైమ్’ అనే పాట ముగింపును ‘అయోలియన్’ ముగింపు అని పేర్కొని, మాలర్ మహాకృతి ఒకదాని ముగింపుతో పోల్చినాడు.

ఈ ‘అయోలియన్’ అన్న మాట తరువాత పెద్ద పరిహాసానికి గురియైనది. కాని కర్ణాటక సంగీతం తెలిసిన మన శ్రోతలకు దాని భావం దుర్గ్రాహ్యం కాదు. పాశ్చాత్యుల ‘మేజర్’ స్వరక్రమం మన శంకరాభరణం వంటిది. శంకరాభరణంలోని ధైవతాన్ని షడ్జంగా భావించి గ్రహభేదం చేస్తే నఠభైరవి వస్తుంది. పాశ్చాత్యుల అయోలియన్ క్రమం అదియే. పాట అంతా ఒక షడ్జాన్ని ఆశ్రయించి నడచి, ముగింపులో ఆ షడ్జానికి చేరుతుందని చెవి ఎదురుచూస్తూ ఉండగా, ధైవతంపై నిలిచిన విషాద మేళనంలో విశ్రమించినది. మాన్ విన్నది ఈ మలుపునే. తాను పెట్టిన పేరు సరియైనదా కాదా అన్నది పండితుల వివాదం. అక్కడ ఒక విశేషం ఉన్నదన్న మాట మాత్రం నిజం. ఆ పదానికి అర్థం తనకు తెలియదనీ, అవేవో విదేశీ పక్షుల పేర్లవలె ఉన్నదనీ లెనన్ తరువాత హాస్యమాడినాడు. మన పల్లెలలో జానపద గాయకునికి రాగం పేరు తెలియకపోవచ్చును. అంతమాత్రాన ఆ పాటలో రాగచ్ఛాయ లేదనగలమా?

1964 ఫిబ్రవరి 9న బీటిల్సు న్యూయార్కులో ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమంలో పాడినారు. దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూచినారని లెక్క కట్టినారు. మరునాడు ‘హెరాల్డ్ ట్రిబ్యూన్’ పత్రిక ఈ బృందాన్ని పాళ్లు వేసి తూచినది: నూటికి 75 వంతులు ప్రచారం, 20 వంతులు జుట్టు, మిగిలిన 5 వంతులే పాట! ‘న్యూస్‌వీక్’ పత్రిక వీరి వేషాన్ని పీడకల అన్నది. సంగీతాన్ని ఇంచుమించు విపత్తుగా వర్ణించినది. అదే నెలలో ఇంగ్లండులో పాల్ జాన్సన్ ‘న్యూ స్టేట్స్‌మన్’ పత్రికలో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం పాటలను గురించి కాక, వాటిని వింటున్న యువజనుల ముఖాలను గురించి ఎక్కువగా మాట్లాడినది. వీరిలో పలువురు విద్యావంతులే, మంచి రచయితలే. అయినను వారు చూచినది జుట్టును, జనాన్ని, విన్నది కేకలను. ‘న్యూయార్క్ టైమ్స్’ సంగీత విమర్శకుడు థియొడోర్ స్ట్రాంగిన్ మాత్రం అదే ప్రదర్శనను విని, స్వరక్రమాన్ని గురించి నాలుగు మాటలు వ్రాసినాడు. గొప్ప ప్రశంస ఏమీ కాదది. కాని చెవితో వ్రాసిన సమీక్ష.

విమర్శకులు పొరపడినారు, ప్రజలు సరిగా గ్రహించినారు అని దీనికి అర్థం చెప్పుకోవడం తొందరపాటు. ‘ప్లీజ్ ప్లీజ్ మీ’, ‘షీ లవ్స్ యూ’ రికార్డులు 1963లోనే అమెరికాలో విడుదలయినవి. కొన్నవారు బహు స్వల్పం. 1964లో అవే పాటలకు జనం ఎగబడినారు. ‘షీ లవ్స్ యూ’ మార్చిలో అగ్రస్థానం అందుకొన్నది. ఇంగ్లండులో 17వ స్థానంలో ఆగిన ‘లవ్ మీ డూ’ ఆ మే నెలలో అమెరికాలో మొదటిదైనది. 1982లో ఇంగ్లండులో మరల విడుదలయి 4వ స్థానానికి వచ్చినది. పాటలో ఒక్క స్వరమూ మారలేదు. మారినది వినేవారి మనఃస్థితి. కనుక అమ్మకాల పట్టిక కూడా చెవికి ప్రత్యామ్నాయం కాజాలదు.

1967 ఫిబ్రవరిలో ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’, ‘పెనీ లేన్’ ఒకే రికార్డుకు రెండు ప్రక్కలుగా వెలువడినవి. రెండూ లివర్‌పూల్ బాల్యస్మృతులు. మొదటి పాటను రెండు విధాలుగా, వేరువేరు శ్రుతులలో, వేరువేరు కాలాలలో రికార్డు చేసి, ఒకదాని వేగం హెచ్చించి, మరొకదాని వేగం తగ్గించి, సుమారు ఒక నిమిషం గడిచిన చోట రెంటినీ అతికినారు. అటువంటి పాటను విని ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ సమీక్షకుడు డెరెక్ జాన్సన్, ఇది ఎన్నడూ లేనంత అసాధారణమైనదనీ, దీనిని ఎట్లు అర్థం చేసుకోవలెనో తనకు తోచడం లేదనీ నిజాయితీతో ఒప్పుకొన్నాడు. ఆ రికార్డు ఇంగ్లండులో రెండవ స్థానంలోనే ఆగిపోయినది. దానిని అడ్డగించినది ఎంగిల్బర్ట్ హంపర్డింక్ పాడిన ఒక ప్రణయగీతం. బీటిల్సు పని ముగిసినదని కొన్ని పత్రికలు ఊహాగానాలు చేసినవి.

ఒక సంవత్సరం తరువాత, 1968 ఫిబ్రవరిలో, బి.బి.సి. వారి ‘లిజనర్’ పత్రికలో డెరిక్ కుక్ అనే సంగీత పండితుడు లెనన్, మెకార్ట్నీల పాటల కట్టుబడిని పరిశీలించినాడు. మాలర్ అసంపూర్ణంగా విడిచిన పదవ సింఫనీని ప్రదర్శన యోగ్యంగా రూపొందించిన విద్వాంసుడాయన. రేడియో ప్రసంగాలను అచ్చువేసే పత్రికలో, మహాకృతులకు జరిగే పరిశీలన సింగిల్ రికార్డు పాటలకు జరగడం గమనింపదగిన విషయం.

బృందం 1970లో విడిపోయినది. లెనన్ 1980లో మరణించినాడు. హారిసన్ 2001లో మరణించినాడు. లెనన్ ఇంటిలో పాడుకొన్న ప్రాత టేపులోని కంఠాన్ని యంత్రసహాయంతో వేరుచేసి, మిగిలినవారు పూర్తిచేసిన ‘నౌ అండ్ దెన్’ 2023 నవంబరులో వెలువడి ఇంగ్లండులో అగ్రస్థానం పొందినది. ఈసారి సమీక్షలలో గౌరవానికి లోటు లేదు. అయితే ఆ గౌరవంలో పాటకు చెందినది ఎంత, అరువది యేండ్ల స్మృతికి చెందినది ఎంత అని పాళ్లు వేసి తూచగలవారెవరు? 1964లో కీర్తి, కోలాహలం చెవికి అడ్డు వచ్చినట్లే, 2023లో అభిమానం అడ్డు రాలేదని చెప్పలేము.

డెరెక్ జాన్సన్ ఒప్పుకోలు నాకు అన్ని తీర్పులకంటె విలువైనదిగా తోస్తుంది. అర్థం కాలేదని చెప్పినవాడు మరల వినడానికి తలుపు తెరచి ఉంచినాడు. మన ఇండ్లలో క్రొత్త పాట వినవచ్చినప్పుడు మీటపై చేయి వేసే ముందు ఆ మూడు నిమిషాలు ఆగడం పెద్దలకు కష్టమేమీ కాదు. నచ్చకపోతే నచ్చలేదని పిల్లలతో చెప్పవచ్చును. విన్న తరువాత చెప్పిన ఆ మాటను పిల్లలు కూడా వింటారు.