తీపి ఆకులోంచే రావాలి

డబ్బా మూత తీసి చూపించి ఇది పొగాకే అంటే, మన లంక చుట్టలు కాల్చిన తాతలు నమ్మేవాళ్లు కారు. లోపల ముదురు గోధుమరంగు పలకలు, మామిడి తాండ్ర కోసి పేర్చినట్టు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒక్కోటి మందం ఒకటిన్నర మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఒకదాన్ని తీసి అంచు వైపు నుంచి చూస్తే పొరలు పొరలుగా ఆకులు అతుక్కుపోయి కనిపిస్తాయి. ఒక పసుపు గీత, దాని పక్కన ఎర్రగీత, అక్కడక్కడా నల్లటిది. ఇంగ్లండులో పైపు కాల్చేవాళ్లు ఫ్లేక్ అనేది దీన్నే.

దీన్ని రుచి చూసి బాగోగులు చెప్పే రసజ్ఞులు చాలామందే ఉన్నారు. వాసనలో ఎండుగడ్డి, అంజూరం, పులిసిన పిండి, కాస్త వెనిగర్ వెతుకుతారు. నోట్లో తీపి ఎంత, అది పైపు గిన్నె అడుగు దాకా నిలిచిందా అని చూస్తారు. వాళ్ల మాటలు వింటే ఇదంతా ఎవరో మహా పనిమంతుడు కూర్చుని తీర్చిదిద్దిన రుచి అనిపిస్తుంది. పనితనం లేదని అనను. కానీ వాళ్లు నాలుక మీద వెతికే గుణాల్లో ముఖ్యమైనవి ఒక పన్ను నుంచి, ఒక నిషేధం నుంచి, ఒక కుర్రవాడి కునుకు నుంచి పుట్టాయి.

కునుకుతో మొదలుపెడదాం. 1839, అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, కాస్‌వెల్ కౌంటీ. అబైషా స్లేడ్ అనే భూస్వామి దగ్గర స్టీఫెన్ అనే నల్లజాతి బానిస ఉండేవాడు. కమ్మరిపని తెలిసినవాడు. రాత్రంతా పొగాకు ఆరబెట్టే కొట్టంలో మంట చూసుకోవడం అతని వంతు. నిద్ర పట్టేసింది. లేచి చూసేసరికి కట్టెల మంట ఆరిపోవచ్చింది. కంగారులో కొలిమి దగ్గర ఉన్న బొగ్గు తెచ్చి పోశాడు. ఒక్కసారిగా వేడి పెరిగింది, పొగ లేదు. తెల్లవారి చూస్తే ఆకు గోధుమరంగుకు తిరగకుండా నిమ్మపండులా పచ్చగా నిలిచిపోయింది. ఇది చాలాకాలంగా చెప్పుకుంటున్న కథ. చిలవలు పలవలు ఎన్ని చేరినా ఆ ప్రాంతం నుంచే పచ్చని ఆకు బయలుదేరిందన్నది మాత్రం నిజం. డబ్బు స్లేడ్‌కు వచ్చింది. నిద్రపోయినవాడికి అప్పట్లో జీతం కూడా లేదు.

లోపల జరిగింది ఏమిటంటే, కోసిన ఆకు ఇంకా ప్రాణంతోనే ఉంటుంది. గోరువెచ్చటి తడి గాలిలో ఒకటి రెండు రోజులు ఉంచితే దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆకు పసుపు తిరిగేది అప్పుడే. దాన్ని అలాగే నీడలో వారాల తరబడి ఆరనిస్తే ఆ చక్కెరను ఆకే తినేస్తుంది. సరిగ్గా పసుపు తిరిగిన పూట వేడి పెంచి ఆకును చంపేస్తే చక్కెర లోపల చిక్కుబడిపోతుంది. స్టీఫెన్ బొగ్గు చేసిన పని అదే. తర్వాత రైతులు బొగ్గు మాని, కొట్టం బయట పొయ్యి పెట్టి, ఇనప రేకు గొట్టాల గుండా వేడిని మాత్రం లోపలికి పంపడం నేర్చుకున్నారు. పొగ ఆకుకు తగలదు.

ఒంగోలు, కందుకూరు, జంగారెడ్డిగూడెం వైపు ఉన్నవాళ్లకు ఈ కొట్టం, అంటే బ్యారన్ సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఐదారు రోజులు నిద్ర లేకుండా బ్యారన్ కాసినవాళ్లు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు. పసుపు తిరిగే వేళ తప్పిపోతే ఆకు ఎర్రబారుతుంది, తొందరపడితే పచ్చిగా ఉండిపోతుంది. ఆ పని గుంటూరుకు రావడానికీ ఇంగ్లండు వాడకమే కారణం. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. 1919లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన పొగాకు మీద సుంకంలో ఆరో వంతు తగ్గించింది. అమెరికా ఆకు కన్నా గుంటూరు ఆకు తెచ్చుకుంటే కంపెనీలకు లాభం. 1920ల నుంచి మన నల్లరేగడిలో ఈ పచ్చని ఆకు, అంటే వర్జీనియా పొగాకు సాగు పెరిగింది.

సుంకం మాట వచ్చింది కాబట్టి వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఫ్లేక్ రుచికి అసలు కారణం అక్కడుంది. ఇంగ్లండు రాజులకు పొగాకు పాడి ఆవు. ఓడల్లో వచ్చే ఆకు మీద రేవులోనే పన్ను పట్టొచ్చు, పొలంలో పండేదాని మీద అది కుదరదు. అందుకని 1660లో ఇంగ్లండులో పొగాకు సాగునే చట్టంతో నిషేధించారు. గ్లాస్టర్‌షైర్‌లో వించ్‌కూంబ్ రైతులు ఊరుకోలేదు, వాళ్ల పైరు తొక్కించడానికి సైనికులు వెళ్లాల్సి వచ్చింది. 1840ల నాటికి పౌను ఆకు మీద సుంకం 3 షిల్లింగులు దాటింది. ఆకు ఖరీదు మాత్రం కొన్ని పెన్నీలే. ఇలాంటి చోట వ్యాపారి ఏం చేస్తాడో మనకు తెలియనిది కాదు. చక్కెర పాకం, బెల్లపు మడ్డి, రూబార్బ్ ఆకులు, ఇంకా దొరికిన ఆకూ అలమూ కలిపి బరువు పెంచారు. కలిపిన ప్రతి పౌనుకూ సర్కారుకు 3 షిల్లింగులు ఎగనామం.

1842లో చట్టం వచ్చింది. పొగాకులో చక్కెర, తేనె, పాకం లాంటివేవీ కలపరాదు. చట్టమైతే వచ్చింది కానీ కలిపింది పట్టుకునేదెవరు? ఎక్సైజ్ శాఖ అదే ఏడు లండన్‌లో ఒక ప్రయోగశాల పెట్టి జార్జ్ ఫిలిప్స్ అనే తమ ఉద్యోగికి అప్పగించింది. పొగాకు కల్తీ పట్టడమే దాని పని. మైక్రోస్కోపు కింద ఆకు నూగు చూసి ఇది పొగాకా, మరో మొక్కా అని తేల్చేవారు. తర్వాతి కాలంలో ఆ గదే పెరిగి పెరిగి బ్రిటన్ ప్రభుత్వ రసాయనశాల అయింది. తిండి, పాలు, మందుల మీద వివాదం వస్తే ఆఖరి తీర్పు చెప్పే స్థాయికి చేరింది. ఇంగ్లీషు పొగాకుకు మొదటి గట్టి తీర్పరి ఎవరంటే నేను ఫిలిప్స్ పేరే చెబుతాను. ఆయన తీర్పు తప్పించుకోవాలనే కదా రుచి మారింది.

అమెరికాలో పొగాకుకు తీపి కావాలంటే పాకం పోస్తే సరిపోయేది. ఇంగ్లండులో ఆ దారి మూసుకుపోయింది. వంద ఏళ్లకు పైగా మూసే ఉంచారు. తీపి కావాలా, ఆకులో ఉన్న చక్కెరనే బయటికి లాగు. లాగడానికి రెండే సాధనాలు, వేడీ బరువూ.

బరువు పెట్టే అలవాటు ఓడల మీద ముందే ఉంది. నౌకాదళంలో నావికులు సుంకం లేని ఆకు కొనుక్కుని, ఈనె తీసేసి, కాస్త రమ్ము చిలకరించి, కాన్వాసు గుడ్డలో చుట్టి, పైన తాడు బిగించి కట్టేవారు. కొన్ని వారాలకు ఆ చుట్ట కర్రముక్కలా గట్టిపడేది. కావలసినప్పుడు కత్తితో పలుచగా చెక్కుకునేవారు. గాలి తగలదు కాబట్టి ఎండదు, జేబులో తక్కువ చోటు. నేవీ కట్ అన్న పేరు ఫ్యాక్టరీల డబ్బాల మీదికి ఎక్కింది ఈ అలవాటు వల్లే. నాటింగ్‌హామ్‌లో జాన్ ప్లేయర్, బ్రిస్టల్‌లో విల్స్ కంపెనీలు ఆ పేరుతో బాగా గడించాయి. విల్స్ వాళ్ల క్యాప్‌స్టన్ 1894లో వచ్చింది, లివర్‌పూల్ నుంచి ఆగ్డెన్స్ వాళ్ల సెయింట్ బ్రూనో 1896లో.

తాడు చేసిన పనిని ఫ్యాక్టరీలో హైడ్రాలిక్ ప్రెస్ అందుకుంది. జోసెఫ్ బ్రామా దానికి 1795లోనే పేటెంటు తీసుకున్నాడు. ఈనె తీసిన ఆకును ఆవిరి పట్టి మెత్తబరచి, అచ్చులో పొరలుగా పరుస్తారు. పైనుంచి ప్రెస్ దిగుతుంది. వేడి మీద గంటల తరబడి అలాగే బిగించి ఉంచుతారు. ఆకులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి రంగు మారతాయి. వేయించిన కాఫీ గింజకు రంగు తెచ్చేదీ ఈ చర్యే. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ దాన్ని వివరించేదాకా ప్రెస్ దగ్గర పనిచేసేవాళ్లకు దాని పేరు తెలియదు, పని మాత్రం తెలుసు. అచ్చులోంచి తీసిన దిమ్మ చల్లారాక కత్తి కిందికి తోస్తే పలకలు వస్తాయి. ఎంతసేపు, ఎంత వేడి అన్నదాన్ని బట్టి ఆకు నిమ్మరంగు నుంచి నలుపు దాకా ఎక్కడైనా ఆగొచ్చు.

దీన్ని పట్టుదలగా నిలబెట్టిన ఊరు కెండల్. ఉత్తర ఇంగ్లండులో సరస్సుల ప్రాంతానికి అంచున, కెంట్ నది ఒడ్డున ఉంటుంది. 1792లో థామస్ హారిసన్ గ్లాస్గోలో ముక్కుపొడుం విద్య నేర్చుకుని, యంత్రాలతో సహా ఇక్కడికి వచ్చాడు. ఆ ఇంటి అమ్మాయిని పెళ్లాడిన శామ్యూల్ గావిత్ పేరు మీదే తర్వాత కంపెనీ నడిచింది. చక్కెర వద్దన్న చట్టం పూల నూనెల మీద అంత పట్టు పట్టలేదు. దాంతో కెండల్‌లో పొగాకుకు గులాబీ, జెరేనియం, టోంకా గింజల వాసనలు పట్టించే అలవాటు బలపడింది. కొందరికి అది ప్రాణం, కొందరు అత్తగారి సబ్బుపెట్టె అని మూత మూసేస్తారు. నా ఓటు రెండో పక్షానికి.

ఆ కంపెనీ ఫ్లేకుల్లోనే వాసనలు లేనివి రెండు తీసుకుంటే రుచి పరీక్ష అంటే ఏమిటో తెలుస్తుంది. ఒకటి బెస్ట్ బ్రౌన్, రెండోది ఫుల్ వర్జీనియా. రెండూ వర్జీనియా ఆకే. రెండోది ఆవిరిలో, ఒత్తిడిలో ఎక్కువ నలిగింది. బెస్ట్ బ్రౌన్ వాసనలో ఎండుగడ్డి, నారింజ తొక్క, కాస్త ఘాటు ఉంటాయి. ఫుల్ వర్జీనియా నల్లగా, ఉడికిన పండులా, బరువైన తీపితో ఉంటుంది. కెండల్ పలకలు డబ్బాలోంచి తడితడిగా వస్తాయి. వెంటనే అంటిస్తే ఆవిరి తప్ప రుచి రాదు. పరచిపెట్టి ఆరనియ్యాలి. ఎంతసేపన్నది గడియారం చెప్పదు, వేళ్లు చెబుతాయి. పలకను నొక్కితే ముద్దకట్టకుండా తిరిగి లేవాలి, అలాగని చిట్లకూడదు.

తర్వాత రెండు మార్గాలు. పలకను రెండు మడతలు పెట్టి అలాగే గిన్నెలోకి దించడం ఒకటి, అరచేతుల మధ్య నలిపి నింపడం ఇంకొకటి. మడిచి దించితే నెమ్మదిగా, చల్లగా కాలుతుంది, కానీ మాటిమాటికీ ఆరిపోతుంది. నలిపితే సులువుగా కాలుతుంది, వేడెక్కుతుంది. మొదటి అగ్గిపుల్ల రుచికి లెక్కలోకి రాదు. ఆకు ఉబ్బి పైకి లేస్తుంది, దాన్ని మెల్లగా అదిమి మళ్లీ అంటించాకే లెక్క మొదలు. గిన్నెలో మొదటి మూడో వంతు గడ్డివాసనతో తేలిగ్గా ఉంటుంది, మధ్యలో తీపి నిండుతుంది, అడుగున మిరియపు ఘాటు. తొందరపడి పీలిస్తే మాత్రం ఏమీ తెలియదు. వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ, తడి పొగ వేడిగా తగిలి నాలుక చురుక్కుమంటుంది. దాన్ని పొగాకు లోపం అని రాసేవాళ్లు చాలామంది. నూటికి తొంభై సార్లు అది కాల్చినవాడి తొందర.

పైపు పొగను లోపలికి మింగరు కాబట్టి హాని లేదనే మాట ఒకప్పుడు గట్టిగా వినిపించేది. నోటికి, నాలుకకు, గొంతుకు వచ్చే క్యాన్సర్లు ఆ మాటను ఒప్పుకోవు.

గావిత్ వంశం నుంచే పంతొమ్మిదో శతాబ్దంలో చీలిపోయిన ఇంకో కెండల్ కంపెనీ గావిత్ హాగర్త్. 2015లో అది శామ్యూల్ గావిత్‌ను కొనేసింది. అప్పటి నుంచి రసజ్ఞుల మధ్య పాత ఫుల్ వర్జీనియా మంచిదా, కొత్తదా అని తగువు. 2015కు ముందు డబ్బాలు దాచుకున్నవాళ్లు రెండూ పక్కపక్కన తెరిచి పాతదే మిన్న అంటారు. అయితే మూసిన డబ్బాలో కూడా ఈ పొగాకు ఏళ్ల తరబడి మారుతూనే ఉంటుంది, ఘాటు తగ్గి మెత్తబడుతుంది. కాబట్టి కొత్త డబ్బాకూ అంత వయసు వచ్చేదాకా ఆ పోలిక చెల్లదు. అది వచ్చేలోగా పాతది ఇంకా ముదురుతుంది.