దేవుని రాబడి, దొరల పరిపాలన

ప్రభుత్వం మతాన్ని అనుసరించాలా, వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్లు ఒకవైపునుంచే చూస్తారు. మతం వచ్చి ప్రభుత్వపు గడప తొక్కుతున్నదని ఒకరు భయపడతారు. తొక్కితే తప్పేమిటని మరొకరు దబాయిస్తారు. ప్రభుత్వమే వెళ్లి గుడి గడప తొక్కిన చరిత్ర మనకున్నదన్న సంగతి ఇద్దరూ మరుస్తారు.

1801లో కర్ణాటక నవాబు రాజ్యం ఈస్టిండియా కుంఫిణీ వశమైంది. దానితోపాటు తిరుమల ఆలయపు రాబడి కూడా దొరల చేతికి వచ్చింది. మద్రాసు రాజధానిలోని ధర్మాదాయాలు దుర్వినియోగం కాకుండా చూసే పేరిట 1817 నాటి 7వ రెగ్యులేషను వాటి పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1821లో తిరుమల నిర్వహణకు బ్రూస్ కోడ్ అనే నిబంధనావళి ఏర్పడింది. ఆ విధంగా క్రైస్తవ ప్రభువు హిందూ దేవుని జమాఖర్చులు చూశాడు. ఖజానాకు కానుక చేరినంతకాలం అతనికి దేవుడితో పేచీ లేదు.

పేచీ ఇంగ్లండులో పుట్టింది. విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వం ఊడిగం చేయడమేమిటని మిషనరీలు, వారి మిత్రులు ఆందోళన సాగించారు. ఈ సంబంధం తెంచుకొమ్మని 1833లో కుంఫిణీ డైరెక్టర్లు ఉత్తరువు పంపారు. మద్రాసు సైన్యాధిపతి పెరిగ్రిన్ మైట్లండ్ ఈ విషయమై 1838లో పదవికి రాజీనామా చేశాడు. చివరకు 1843లో తిరుమల నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుకు ధారాదత్తమైంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ప్రభుత్వం గుడినుంచి తప్పుకున్నది లౌకికవాదం వల్ల కాదు. మరొక మతం ఒత్తిడి వల్ల. తప్పుకున్నప్పుడు ప్రజల కానుకలకు ప్రజలకు లెక్క చెప్పే ఏర్పాటు సరిగా చేయలేదు. 1863 చట్టం ధర్మాదాయాలను కమిటీలకు, ధర్మకర్తలకు వదిలివేసింది. అన్యాయం జరిగిందనుకున్న భక్తుడు కోర్టు మెట్లు ఎక్కాలి. ఆ మెట్లెక్కే స్తోమత ఎందరు రైతులకుంటుంది?

ఈ లోటు తీర్చడానికి పూనుకున్నవాడు దొర కాదు, తెలుగువాడైన పానగల్లు రాజా. ఆయన మంత్రివర్గం తెచ్చిన హిందూ ధర్మాదాయ చట్టం 1925లో వెలువడి, 1927లో తిరిగి శాసనమైంది. మతానికి ముప్పు వచ్చిందని మఠాధిపతులు, సనాతనులు గగ్గోలు పెట్టారు. లెక్క అడిగితే దేవుడికి ముప్పు ఎలా వస్తుందో నాకు నేటికీ అర్థం కాదు. తిరుమలలో మహంతుల తొంభై ఏళ్ల పెత్తనం 1933 చట్టంతో ముగిసింది.

1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం గుడి తలుపులను హరిజనులకు తెరిచింది. తలుపు మూసినది మతం పేరిట, తెరిచినది శాసనం. మన రాజ్యాంగం 25వ అధికరణం ఈ రెండింటినీ వేరుచేసింది: నమ్మకం పౌరుడిది; మతానికి అంటుకొని ఉన్న ఆర్థిక వ్యవహారాలను క్రమబద్ధం చేయడం, హిందూ ఆలయాలను అన్ని తరగతులకూ తెరిపించడం ప్రభుత్వానికి తగిన పని. పూజ ఎలా చేయాలో కమిషనరు చెప్పరాదనీ, ఆస్తి నిర్వహణను మాత్రం చట్టం నియంత్రించవచ్చుననీ 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

నేడు ఆలయాలను ప్రభుత్వం నుంచి విడిపించాలని గట్టిగా వినబడుతున్నది. ప్రభుత్వాన్ని మతంతో ముడివేయాలని కోరేవారిలో చాలామందే ఆ మాట కూడా అంటున్నారు. ఈ రెండు కోరికలకూ పొత్తు ఎలా కుదురుతుందో వారే చెప్పాలి. 1843లోనూ విడుదల జరిగింది. గుడి ప్రజల చేతికి రాలేదు, ఒక మఠం చేతికి వెళ్లింది.

అయితే ప్రభుత్వం తప్పు కూడా దాచరాదు. తిరుమల బ్రహ్మోత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం పక్షాన ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు సమర్పించడం ఆనవాయితీ. వ్యక్తిగా ఆయన భక్తిని కాదనే హక్కు ఎవరికీ లేదు. కాని రాష్ట్రానికి మొక్కు ఉండదు. అందులో మసీదుకు వెళ్లేవాడూ, చర్చికి వెళ్లేవాడూ, ఎక్కడికీ వెళ్లనివాడూ భాగస్వాములే. ప్రభుత్వం గుడిలోకి వెళ్లవలసింది లెక్కల పుస్తకం తీసుకొని, తలుపు మూసిన చోట తాళంచెవి తీసుకొని. పళ్లెం తీసుకొని కాదు.