వార్డు దగ్గర మొదలైన మాట: ముప్పై ఏళ్ల లోక్‌సత్తా

లోక్‌సత్తా పేరెత్తితే చాలామందికి 2009లో కూకట్‌పల్లి నుంచి గెలిచిన జయప్రకాశ్ నారాయణ్ గుర్తొస్తారు. ఈల గుర్తు జ్ఞాపకం వస్తుంది. అసెంబ్లీలో ఒక్కరే లేచి, లెక్కలు చెబుతూ, గొంతు పెంచకుండా మాట్లాడిన తీరు కళ్లముందు కదులుతుంది. కానీ ఆ పార్టీ అసలు పట్టుదల అసెంబ్లీ మీద కాదు, మునిసిపాలిటీ మీద. వీధిలో పని వీధికి దగ్గరలోనే తేలాలి, దానికి కావలసిన డబ్బూ అధికారమూ కూడా అక్కడే ఉండాలి అన్నది దాని మొదటి మాట. ఉద్యమం పుట్టి ముప్పై ఏళ్లవుతున్న వేళ, ఈ ప్రత్యేక సంచికకు దాని కథను ఆ వైపు నుంచే రాయాలనిపించింది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాలో, చుట్టుపక్కల జాన్స్‌క్రీక్, కమ్మింగ్‌లలో స్థిరపడ్డ మనలో ఎంతోమంది అప్పట్లో హైదరాబాదుకు ఫోన్ చేసి, ‘‘నాన్నగారూ, ఈసారికి ఈల గుర్తుకు వెయ్యండి’’ అని బతిమాలినవాళ్లమే. మనం అడిగిన ఆ ఓటు దేనికోసమో మరోసారి చూసుకోవడం మంచిదే.

జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) గారు 1980 బ్యాచ్ ఐఏఎస్ అధికారి. 1996లో ఉద్యోగం వదిలేసి, ఫౌండేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ సంస్థనూ, లోక్‌సత్తా ఉద్యమాన్నీ మొదలుపెట్టారు. పార్టీ వచ్చింది ఆ తర్వాత పదేళ్లకు, 2006 అక్టోబరు 2న. ఆ మధ్యలోని పదేళ్లే నా దృష్టిలో లోక్‌సత్తా చరిత్రలో బంగారు కాలం. పెద్ద సిద్ధాంతాలు చెబుతూ కూర్చోకుండా, మామూలు మనిషి రోజూ ఎక్కడ మోసపోతున్నాడో అక్కడికే వెళ్లారు.

పెట్రోలు బంకుల సంగతి చూడండి. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలత పాత్ర ఉండాలి, అడిగినవాళ్లకు అందులో పోసి చూపాలి. ఈ హక్కు ఉందని స్కూటరు మీద వచ్చే గుమాస్తాకు ఎవరు చెప్పారు? లోక్‌సత్తా కార్యకర్తలు బంకు బంకుకీ వెళ్లి ఆ పాత్ర తెప్పించి, అందరి ముందూ పోయించి, ఎంత తగ్గిందో చూపించారు. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తే కొలత దానంతటదే సరవుతుందని జనానికి కళ్లారా తెలిసింది.

మునిసిపల్ ఆఫీసులోనూ అదే దారి పట్టారు. పుట్టుక సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరగాలి, ఎవరి చేతిలో ఎంత పెట్టాలి అన్నది అప్పట్లో ప్రతి ఇంటికీ తెలిసిన లెక్క. లోక్‌సత్తా ఒత్తిడితో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీలలో పౌరసేవల పత్రం వచ్చింది. ఏ పని ఎన్ని రోజుల్లో చెయ్యాలో రాసి గోడకు తగిలించడంతో అది ఆగలేదు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున దరఖాస్తుదారుకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన కూడా చేర్చారు. ఆ 50 రూపాయలు ఎంతమంది చేతికి అందాయన్నది వేరే విషయం. ప్రభుత్వ ఆఫీసు ఆలస్యం చేస్తే పౌరుడికి బాకీ పడుతుందన్న ఆలోచన మన ఊళ్లలో కాగితం మీదికెక్కడం చిన్న సంగతి కాదు. నేర చరిత్ర ఉన్న అభ్యర్థుల పేర్లను బయటపెట్టడం, అభ్యర్థులు తమ కేసులూ ఆస్తులూ ప్రకటించాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లినవారిలో ఒకరై 2003 తీర్పు సాధించడం, సమాచార హక్కు కోసం పోరాడడం ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి ఇక్కడ విస్తరించను.

ఈ చిన్న పోరాటాల వెనుక ఒక పెద్ద వాదన ఉంది. మన దేశంలో ఓటుకూ బతుకుకూ లంకె తెగిపోయింది, కట్టే పన్నుకూ అందే సేవకూ లంకె తెగిపోయింది, అధికారానికీ జవాబుదారీకీ లంకె తెగిపోయింది. ఈ మూడూ మళ్లీ కలిసే చోటు స్థానిక ప్రభుత్వం ఒక్కటే అని జేపీ గారు ఎన్ని సభల్లో చెప్పారో లెక్కలేదు. దానికి తగ్గట్టే పార్టీ కోరికలూ ఉండేవి. తలకింత అని నిధులు నేరుగా పంచాయతీకీ వార్డుకూ రావాలి. వార్డు కమిటీలకు నిజమైన పనులు అప్పగించాలి. మేయరును ఓటర్లే నేరుగా ఎన్నుకోవాలి. సేవలు గడువులోగా అందకపోతే పరిహారం చెల్లించాలి. ఓటుకు నోటు, సారా లేకుండా పోటీ చెయ్యాలి.

వీటిలో చాలావాటికి రాజ్యాంగంలో చోటు అప్పటికే ఉంది. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, రోడ్లు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి సహా 18 అంశాలు రాశారు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలన్నారు. అదే సంవత్సరం డిసెంబరులో ఎంపీలకు నియోజకవర్గ అభివృద్ధి నిధులు కూడా మొదలయ్యాయి. ఒక చేత్తో మునిసిపాలిటీకి అధికారం రాసిచ్చి, రెండో చేత్తో దాని పనిని ఎంపీకి అప్పగించారు. ఈ రెండూ ఒకే ఏడాది జరిగాయని గమనిస్తే, ఆ తర్వాతి కథ ఎందుకలా నడిచిందో అర్థమవుతుంది.

హైదరాబాదునే తీసుకోండి. 2007 ఏప్రిల్ 16న పాత నగరపాలక సంస్థలో 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. కూకట్‌పల్లి, అల్వాల్, ఎల్బీనగర్‌ల సొంత మునిసిపల్ కౌన్సిళ్లు పోయాయి. ఊరంతటికీ 150 వార్డులు మిగిలాయి. 2011 జనాభా ప్రకారం చూస్తే ఒక్కో వార్డుకు సుమారు 45 వేలమంది. మన అల్ఫారెట్టా మొత్తం జనాభా 2020 జనగణనలో 65,818. అంటే అక్కడి వార్డున్నరతో ఇక్కడ ఊరంతా సరిపోతుంది!

ఈ వార్డున్నర ఊరికి ఉన్న అధికారం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒక మేయరు, ఆరుగురు కౌన్సిల్ సభ్యులు. ఊరివాళ్లందరూ కలిసే వాళ్లను ఎన్నుకుంటారు, బ్యాలట్ మీద పార్టీ పేరు ఉండదు. పోలీసులు ఊరివాళ్లు, ఫైరింజన్లు ఊరివి, పార్కులు ఊరివి. బడులూ నీళ్లూ మాత్రం ఫుల్టన్ కౌంటీ చూసుకుంటుంది. ఊరు సాధారణ బాండ్లు అమ్మి అప్పు తేవాలంటే జార్జియా రాజ్యాంగం ప్రకారం ఓటర్ల అనుమతి కావాలి. మనం చొక్కా కొన్నా ఫోను కొన్నా బిల్లు మీద పడే 7.75 శాతం పన్నులో ముప్పావు శాతం రోడ్ల కోసం వేసింది. అట్లాంటా నగరం బయటి ఫుల్టన్ ఓటర్లు 2016లో దానికి సరేనన్నారు, 2021లో మళ్లీ సరేనన్నారు. ఫలానా కూడలి బాగుచేస్తాం, ఫలానా చోట కాలిబాట వేస్తామని ముందే జాబితా చెప్పి అడిగిన పన్ను అది. లోక్‌సత్తా చెప్పిన పన్నూ సేవల లంకె అంటే ఇదే.

ఇంకొకటి మీరంతా చూసే ఉంటారు. రోడ్డు పక్క ఖాళీ జాగాలో ఒకనాడు ఒక నోటీసు బోర్డు లేస్తుంది. ఈ స్థలం జోనింగ్ మార్చమని దరఖాస్తు వచ్చింది, ఫలానా తేదీన విచారణ అని దాని మీద ఉంటుంది. విచారణలో అనుకూలంగా మాట్లాడేవాళ్లకూ వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లకూ కనీసం పదేసి నిమిషాలు ఇవ్వాలని జార్జియా చట్టం. అక్కడ మన కూకట్‌పల్లిలో పక్క ప్లాటులో ఏం లేస్తోందో తెలిసేది సెల్లారు తవ్వడానికి జేసీబీ వచ్చిన పొద్దున. అల్ఫారెట్టాలో అన్నీ బాగున్నాయని నేననను. ఇళ్ల ధరలు, నార్త్ పాయింట్ మాల్ చుట్టూ ఏం కట్టాలన్న తగాదాలు, అపార్టుమెంట్లంటే పడని ఇరుగుపొరుగు ఇక్కడా ఉన్నారు. అయితే ఆ తగాదా తేలే గది ఊళ్లోనే ఉంది, తీర్పు చెప్పేవాళ్లు మనకు ఓటు కోసం వచ్చేవాళ్లే.

మళ్లీ హైదరాబాదుకు వస్తే, అక్కడ నీళ్లు జలమండలివి, కరెంటు డిస్కంది, బస్సు ఆర్టీసీది, పోలీసు రాష్ట్రానిది, పెద్ద ప్లాన్లు హెచ్‌ఎండీఏవి. 45 వేలమందికి ప్రతినిధి అయిన కార్పొరేటరు చేతిలో మిగిలేది చెత్తబండి, వీధిదీపం, సిఫారసు ఉత్తరం. 2002లో హైదరాబాదు మేయరును ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 2009కి ఆ పద్ధతీ పోయింది. కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో హోదాలో ఎమ్మెల్యేలూ ఎంపీలూ కూడా మేయరు ఎన్నికలో ఓటేస్తారు.

2009 నవంబరు 23న జరిగిన గ్రేటర్ ఎన్నికలు లోక్‌సత్తాకు అసలైన పరీక్ష. ఆ ఏడాదే రాష్ట్రమంతటా పోటీ చేసి ఒక్క సీటు గెలిచింది. చదువుకున్న ఓటర్లున్న నగరం, పార్టీ మొదటి నుంచీ చెబుతున్న అంశం, గెలిచిన ఎమ్మెల్యే కూడా ఇదే నగరం వాడు. ఇన్ని కలిసొచ్చినా ఒక్క వార్డూ దక్కలేదు. కాంగ్రెసుకు 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కు 43, బీజేపీకి 5, ప్రజారాజ్యానికి 1, స్వతంత్రులకు 4. మేయరు పదవిని కాంగ్రెసు, మజ్లిస్ వంతులవారీగా పంచుకున్నాయి. బండ కార్తీకరెడ్డి తర్వాత మాజిద్ హుస్సేన్ కూర్చున్నారు. పోలింగు జరిగిన ఆరు రోజులకు ప్రత్యేక తెలంగాణ కోసం కేసీఆర్ నిరాహారదీక్ష మొదలైంది. ఇక ఐదేళ్ల పాటు రాష్ట్రంలో తెలంగాణ తప్ప వేరే మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ ఓటమికి డబ్బు, కులం, మందు కారణాలని చెప్పుకోవడం తేలిక. అవి అబద్ధమూ కాదు. కానీ అసలు లోపం పార్టీ ఎంచుకున్న వరుసలో ఉందని నా గట్టి నమ్మకం. వార్డే మొదటి మెట్టు అని చెప్పిన పార్టీ 2006 నుంచి 2009 దాకా 294 నియోజకవర్గాల వైపు చూసింది. పెట్రోలు బంకు దగ్గర నిలబడ్డ కార్యకర్తను తీసుకెళ్లి ఎమ్మెల్యే అభ్యర్థిని చేశారు. అదే మనిషి పదేళ్లు తన వార్డులో మురికికాలువ, బడి, ఆస్తిపన్ను పట్టుకుని పని చేసివుంటే, పేరు తెలిసిన మనిషిగా ఓటు అడిగేవాడు. జేపీ గారి మీదా, ఆయన వెంట జీతాలు వదులుకుని నడిచినవాళ్ల మీదా నాకున్న గౌరవం ఈ మాట వల్ల తగ్గేది కాదు.

నేననేది ఊహ కాదనడానికి రెండు ఊళ్లు చెబుతాను. ఇంగ్లండులోని ఫ్రోమ్ అనే చిన్న పట్టణంలో ఏ పార్టీకీ చెందని ఊరివాళ్లు ఇండిపెండెంట్స్ ఫర్ ఫ్రోమ్ అని కూడి, 2011లో టౌన్ కౌన్సిలులో 17 స్థానాలకు 10 గెలిచారు. 2015లో పదిహేడూ వాళ్లవే. కేరళలో కిళక్కంబలం పంచాయతీని ట్వంటీ20 అనే స్థానిక కూటమి 2015లో 19 వార్డులకు 17 గెలిచి చేజిక్కించుకుంది, 2020లో పక్క పంచాయతీలకూ పాకింది. దాని వెనుక ఒక బట్టల కంపెనీ ఉందన్నది నాకు నచ్చని విషయం. పంచాయతీ ఒక యజమాని చేతికి పోవడం లోక్‌సత్తా కోరుకున్నది కాదు. అయినా చిన్నచోట మొదలుపెట్టి నిలదొక్కుకోవచ్చని మాత్రం తేలింది. పైగా కేరళలో వార్డుకు డబ్బుంది. లోక్‌సత్తా పుట్టిన 1996లోనే అక్కడ ప్రజాప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు మళ్లించారు.

మన దగ్గర వ్యవహారం ఎదురు దిక్కుకు నడిచింది. 2010 సెప్టెంబరుతో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల గడువు తీరితే, ఎన్నికలు జరిగింది 2014 మార్చి 30న. మూడున్నరేళ్లు ప్రత్యేకాధికారులే ఊళ్లను ఏలారు. ఒక రాష్ట్రంలో అసెంబ్లీ లేకుండా మూడున్నరేళ్లు గడిస్తే దేశం అట్టుడికిపోదూ? మునిసిపాలిటీ లేకపోతే మాత్రం పత్రికల్లో మూడో పేజీ వార్త. 2014లో జేపీ గారు మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. 2016లో పార్టీ ఎన్నికల పోటీ నుంచి తప్పుకుంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. సర్టిఫికెట్ కోసం తిరగడం చాలావరకు తగ్గింది, అది మేలే. కానీ ఉద్యోగి వీధిలోకి వచ్చినంత మాత్రాన నిర్ణయం వీధిలోకి రాలేదు. ఆ సచివాలయం జవాబు చెప్పేది పైవాళ్లకే, వార్డు సభ్యుడికి కాదు.

పార్టీ పోటీ మానినా, ఫౌండేషన్ స్థానిక అధికారం కోసం చేసే పని మానలేదు. ఇక్కడి నుంచి విరాళాలు పంపినవాళ్లు, సెలవు పెట్టి వెళ్లి ప్రచారం చేసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లను నేనొకటి అడుగుతాను. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మీ కార్పొరేటరు దగ్గరికి వెళ్లండి. మన వార్డు నుంచి ఆస్తిపన్ను ఎంత వసూలైంది, అందులో వార్డుకు తిరిగొచ్చింది ఎంత, వార్డు కమిటీలో ఎవరున్నారు, ఆఖరుసారి ఎప్పుడు కూర్చున్నారు అని అడగండి. నోటితో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు.