పొయ్యికి తగిన గొట్టం, గొట్టానికి తగిన పిల్లవాడు

మన పల్లెల్లో వంటింటి పొగ పెంకుల సందుల్లోనుంచి పోయేది. గొట్టం సంగతి ఆలోచించవలసిన అవసరం మన తాతలకు అంతగా రాలేదు. ఇంగ్లండులోనూ చాలాకాలం అంతే. ఇంటి నడుమ మంట, కప్పులో కన్నం. తమ చిన్నతనంలో ఊరికి రెండో మూడో ఉండిన పొగగొట్టాలు ఇప్పుడు ఇన్నెందుకు లేచాయని ముసలివాళ్లు ఆశ్చర్యపోతున్నట్టు విలియం హారిసన్ 1577లో వ్రాశాడు. 1662లో ప్రభుత్వం పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను వేసింది. వసూలుదార్లు ఇళ్లలో జొరబడి పొయ్యిలు లెక్కపెట్టేవారు. ప్రజలు అసహ్యించుకొన్న ఆ పన్ను 1689లో పోయింది.

చలి కాచుకొనే గోడపొయ్యి చరిత్రను సౌఖ్యాల చరిత్రగా వ్రాయడం పరిపాటి. దానిని ఇంధనపు చరిత్రగా, శ్రమ చరిత్రగా చూడవలసి ఉంది. లండనులో కట్టెలు ప్రియమై, న్యూకాసిల్ నుంచి సముద్రంమీద రాక్షసిబొగ్గు దిగిన తరువాత పాత పొయ్యిలు పనికిరాకుండా పోయాయి. కట్టెల మంటకు మనిషి నిలబడేటంత వెడల్పైన గూడు, విశాలమైన గొట్టం ఉన్నా సరిపోతుంది. బొగ్గు అలా కాదు. దానికి ఇనుప జల్లెడ కావాలి, క్రిందినుంచి గాలి ఆడాలి, పైన గొట్టం ఇరుకుగా ఉండాలి. వెడల్పు గొట్టంలో బొగ్గుపొగ చల్లబడి, పైకి పోయే వేగం చచ్చి, తిరిగి గదిలోకే వస్తుంది. పొయ్యి నోరు పెద్దదై గొట్టం మరీ సన్నమైనా అదే గతి. నోటి వైశాల్యంలో సుమారు పదోవంతు గొట్టానికి ఉంచాలన్నది తాపీవాళ్ల లెక్క. పైగా నాలుగంతస్తుల ఇంట్లో ప్రతి పొయ్యికీ వేరే గొట్టం. అన్నీ ఒకదానినొకటి తప్పించుకొంటూ, వంకరలు తిరుగుతూ, చివరకు ఒకే స్తంభంలో కలిసి కప్పు దాటేవి. పద్నాలుగు అంగుళాలకు తొమ్మిది అంగుళాలు మామూలు కొలత. తొమ్మిది అంగుళాలంటే మన ఇటుక ఒక్కదాని పొడుగు. ఇంతకన్న ఇరుకైనవీ ఉండేవి.

ఆ వంకరల్లో మసి పేరుకొంటుంది. దులపకపోతే అంటుకొంటుంది. పెద్దవాళ్లు పట్టరు. కనుక ధర్మశాలలలోని దిక్కులేని పిల్లలను, అయిదారేళ్ల పసివాళ్లను సైతం, మసి దులిపే మేస్త్రీలు శిష్యరికం పేరుతో తీసుకొన్నారు. చర్మం మొద్దుబారేటట్టు మోకాళ్లకు, మోచేతులకు ఉప్పునీరు రుద్దేవారు. ఈ పనివాళ్లకు వృషణాల తిత్తిమీద వచ్చే కాన్సరుకు మసే కారణమని 1775లో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు వెల్లడించాడు. వృత్తివల్ల వచ్చే కాన్సరును గుర్తించిన మొదటి రచన అదే.

ఇక కౌంట్ రంఫర్డ్ సంగతి. అమెరికాలోని మసాచుసెట్సులో పుట్టి, అక్కడి విప్లవాన్ని వ్యతిరేకించి, బవేరియా ప్రభువు కొలువులో బిరుదు పొందిన శాస్త్రజ్ఞుడీయన. పొయ్యికీ గొట్టానికీ పొత్తు కుదిర్చే పద్ధతిని 1796లో ఒక వ్యాసంలో వివరించాడు. పొయ్యి వెనుకగోడను ముందుకు జరపాలి, పక్కగోడలను ఏటవాలుగా పెట్టాలి, గొట్టం గొంతును నాలుగు అంగుళాలకు కుదించాలి. పొగ తగ్గింది, వేడి పెరిగింది. ఆ ప్రతిభను కాదనలేము. కాని నాలుగు అంగుళాల గొంతులో పిల్లవాడు ఎట్లా దూరతాడు? రంఫర్డ్ దీనికీ సమాధానం వ్రాశాడు. కొత్త వెనుకగోడ నడుమ పదకొండు పన్నెండు అంగుళాల వెడల్పున ఒక వాకిలి వదిలి, సున్నం పెట్టకుండా రాతితో మూయాలి. దులిపే రోజున రాయి తీస్తే చాలు. ఆయన దుర్మార్గుడు కాడు. మ్యూనిక్‌లో బిచ్చగాళ్లకు పని, తిండి ఏర్పాటు చేసినవాడే. అయినా ఆయన గణితంలో ఇటుక ఎంతో పిల్లవాడూ అంతే, ముందే ఇచ్చిన ఒక కొలత.

పిల్లల బదులు పొడవాటి కర్రల బ్రష్షులు 19వ శతాబ్ది మొదటి సంవత్సరాల్లోనే తయారైనాయి. అయినా 1819లో పిల్లలను గొట్టాలెక్కించడం మాన్పే బిల్లును ప్రభువుల సభ తోసివేసింది. వంకర గొట్టాల్లో బ్రష్షు తిరగదనే వాదం అప్పటి చర్చల్లో మాటిమాటికీ వినిపించింది. ఆ వంకర గొట్టాలు ఎవరి ఇళ్లవి? పెద్దల భవనాలవే. గోడ పగలగొట్టి గొట్టాన్ని సరిచేయించడానికి డబ్బు కావాలి, పిల్లవాడు చవక. సాంకేతికమైన ఇబ్బందిగా కనిపించేది నిజానికి ఆస్తికి సంబంధించిన లెక్క. ఎనిమిదేళ్లు నిండనివాళ్లను పనిలో పెట్టరాదని 1788లోనే చట్టం ఉంది. 1840 చట్టం ఇరవైయొక్కేళ్లలోపువాళ్లు గొట్టమెక్కరాదన్నది. అమలు చూసేవాళ్లు లేరు; నేరాన్ని విచారించవలసిన మేజిస్ట్రేట్లూ సొంత ఇళ్లలో గొట్టాలున్నవాళ్లే.

1863లో వెలువడిన కింగ్‌స్లీ నవల 'వాటర్ బేబీస్' ఈ దురాచారాన్ని కూల్చిందని సాహిత్య చరిత్రల్లో చదువుతాం. పాఠకుల మనసు కరిగించిన మాట నిజమే. కాని మరుసటి ఏడు వచ్చిన చట్టం కూడా కాగితం మీదనే మిగిలింది.

1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్ మానసిక చికిత్సాలయం గొట్టంలో జార్జి బ్రూస్టర్ అనే పదకొండు పన్నెండేళ్ల కుర్రవాడు ఇరుక్కొన్నాడు. గోడ పగలగొట్టి బయటికి లాగారు. కొద్దిసేపటికే చనిపోయాడు. యజమానికి ఆరు నెలల కఠినశిక్ష పడింది. ఆ సంవత్సరమే షాఫ్ట్స్‌బరీ ప్రభువు తెచ్చిన చట్టంతో మసి దులిపే వృత్తికి పోలీసు లైసెన్సు తప్పనిసరి అయింది. అటుతరువాత వంకరలున్న చోట గోడకు చిన్న ఇనుప తలుపులు అమర్చి, ఆ గొట్టాలనే బ్రష్షులతో దులిపారు.