టీ ట్రీ బోన్సాయ్

ఆస్ట్రేలియాలో సహజంగా పెరిగే టీ ట్రీలను లోతు తక్కువ కుండీల్లో, కత్తిరింపులతోనూ తీగ కట్లతోనూ అదుపులో ఉంచి, ముదురు చెట్టు రూపం వచ్చేలా పెంచే కళను టీ ట్రీ బోన్సాయ్ అంటారు. లెప్టోస్పెర్మమ్, మెలలూకా అనే రెండు ప్రజాతుల చెట్లను ముఖ్యంగా ఈ పేరుతో పిలుస్తారు. రెండూ మిర్టేసి కుటుంబానివే. మన నేరేడు, జామ, లవంగం, యూకలిప్టస్ కూడా ఆ కుటుంబంలోవే. చిన్న ఆకు, ముడతలు పడిన బెరడు, చిన్న వయసులోనే మెలితిరిగే మాను, ఒళ్లంతా పూత: బోన్సాయ్‌కి కావలసిన గుణాలన్నీ వీటిలో ఉన్నాయి. అయినా ఇవి జపాన్ పైన్‌ల మాదిరి పెంచితే బతికే చెట్లు కావు. వీటి స్వభావం వేరు, వీటికి నప్పే ఆకృతి వేరు.

పేరు వెనుక కథ

మనం తాగే తేయాకు కమీలియా సైనెన్సిస్ అనే మొక్కది. దానికీ టీ ట్రీకీ ఏ చుట్టరికమూ లేదు. కెప్టెన్ జేమ్స్ కుక్ రెండో సముద్రయాత్రలో, 1773లో, న్యూజిలాండ్‌లోని డస్కీ సౌండ్ దగ్గర లంగరు వేసినప్పుడు నావికులు అక్కడి లెప్టోస్పెర్మమ్ ఆకులను మరిగించి టీలా తాగారు. స్కర్వీ జబ్బు రాకుండా రీము చెట్టు రెమ్మలతో కాచుకున్న బీరు మరీ వగరుగా ఉండడంతో, ఆ వగరు విరగడానికి అందులోనూ ఈ ఆకు కలిపారు. చెట్టుకు టీ పేరు అలా అంటుకుంది.

ఆ ఓడలోనే ప్రయాణించిన ప్రకృతి శాస్త్రజ్ఞులు, తండ్రీకొడుకులైన ఫోర్‌స్టర్లు, ఈ ప్రజాతికి లెప్టోస్పెర్మమ్ అని పేరు పెట్టారు. గ్రీకులో దానికి సన్నని విత్తనం అని అర్థం. మెలలూకా అనే పేరులో నలుపు, తెలుపు రెండూ ఉన్నాయి. అడవి మంటల్లో మసిబారిన మొదలు, పైన తెల్లని పొరల బెరడు చూసినవారికి ఆ పేరు ఎందుకో చెప్పనక్కరలేదు.

బోన్సాయ్‌కి వాడే జాతులు

కోస్ట్ టీ ట్రీ: శాస్త్రీయంగా లెప్టోస్పెర్మమ్ లేవిగేటమ్. 2023లో జరిగిన పునర్విభజనలో దీనిని గాడియమ్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. పెంపకందారుల నోట మాత్రం పాత పేరే ఆడుతోంది. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, టాస్మేనియా తీరాల ఇసుక దిబ్బల మీద పెరుగుతుంది. ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చ. శీతకాలం చివర, అంటే అక్కడి ఆగస్టు నుంచి, ఐదు రేకుల తెల్లని పూలు పూస్తుంది. బెరడు సన్నని పీలికలుగా ఊడుతుంది.

మనూకా: లెప్టోస్పెర్మమ్ స్కోపేరియమ్. ఆగ్నేయ ఆస్ట్రేలియాలోనూ న్యూజిలాండ్‌లోనూ ఉంది. పేరుపొందిన మనూకా తేనె దీని పూలదే. గులాబీ, ఎరుపు రంగుల్లో ముద్దపూలు పూసే తోట రకాలు చాలా ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటుంది కానీ నీటి విషయంలో అస్సలు క్షమించదు.

లెమన్ సెంటెడ్ టీ ట్రీ: లెప్టోస్పెర్మమ్ పీటర్సోనియై. ఆకు నలిపితే నిమ్మగడ్డి వాసన గుప్పుమంటుంది.

మెలలూకాలు: దాదాపు 300 జాతులున్న పెద్ద ప్రజాతి. వీటిలో మెలలూకా ఆల్టర్నిఫోలియా ఆకుల నుంచే మందుల షాపుల్లో అమ్మే టీ ట్రీ నూనె వస్తుంది. న్యూ సౌత్ వేల్స్ ఈశాన్య ప్రాంతపు ఆదివాసులైన బుంజలంగ్ ప్రజలు ఈ ఆకును తరతరాలుగా వైద్యంలో వాడారు. 1920వ దశకంలో సిడ్నీ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ పెన్‌ఫోల్డ్ ఈ నూనెకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉందని ప్రచురించాడు. బోన్సాయ్‌కి దీనితోపాటు మెలలూకా లినారిఫోలియా, మెలలూకా స్టైఫెలియాయిడిస్ ఎక్కువగా వాడతారు. వీటి బెరడు కాగితపు పొరల్లా మెత్తగా ఉండి, చిన్న మానుకు కూడా పెద్ద వయసు తెచ్చిపెడుతుంది.

నీరు

టీ ట్రీ బోన్సాయ్‌లు చచ్చిపోవడానికి మొదటి కారణం పురుగూ కాదు, తెగులూ కాదు. దాహం. లెప్టోస్పెర్మమ్ వేళ్లు సన్నని దారాల్లా ఉండి మట్టి పైపొరల్లోనే అల్లుకుంటాయి. ఎండాకాలంలో ఒక్క మధ్యాహ్నం కుండీ పూర్తిగా ఆరిపోతే చెట్టు తిరిగి కోలుకోవడం అరుదు. పైగా ఆకు చిన్నదీ బిరుసైనదీ కావడంతో వెంటనే వాడినట్టు కనిపించదు. కొన్ని రోజులకు రంగు వెలిసి, చేత్తో నిమిరితే జలజల రాలుతుంది. చెట్టు ఎప్పుడో చనిపోయిందని అప్పుడు తెలుస్తుంది.

అందుకే అనుభవజ్ఞులు ఆకును చూసి నీళ్లు పోయరు. కుండీని చేత్తో లేపి బరువు చూస్తారు. నిన్నటి కన్నా తేలికగా అనిపిస్తే నీళ్లు పోసే వేళయినట్టే. బాగా ఎండిన మట్టి మీద నీళ్లు పోస్తే లోపలికి ఇంకకుండా అంచుల వెంట జారిపోతాయి. అలాంటప్పుడు కుండీని మొత్తంగా నీళ్ల తొట్టెలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి.

మెలలూకాల్లో చాలావాటిది చిత్తడి నేలల పుట్టుక. వేసవిలో వీటి కుండీలను నీళ్లు నింపిన పళ్లెంలో ఉంచడం ఆస్ట్రేలియా పెంపకందారుల అలవాటు. అదే పని కోస్ట్ టీ ట్రీకి నెలల తరబడి చేస్తే వేళ్లు కుళ్లే ప్రమాదం ఉంది. ఇసుక దిబ్బల మీద పుట్టిన చెట్టుకు తేమ ఎంత అవసరమో, గాలి ఆడే మట్టీ అంతే అవసరం.

మట్టి, ఎరువు, ఎండ

నీరు త్వరగా దిగిపోతూనే కొంత తేమ పట్టి ఉంచే గరుకు మిశ్రమం వాడాలి. ప్యూమిస్, జియోలైట్ వంటి గుళికలకు మాగిన పైన్ బెరడు పొట్టు కలపడం అక్కడి పద్ధతి. ఆస్ట్రేలియా నేలలు అతి పురాతనమైనవి, వాటిలో భాస్వరం తక్కువ. భాస్వరం ఎక్కువైతే బాంక్సియా వంటి ప్రోటియేసి కుటుంబపు మొక్కలు దెబ్బతింటాయి. టీ ట్రీలు అంత సున్నితం కావు గానీ, వీటికీ భాస్వరం తక్కువగా ఉండి నెమ్మదిగా కరిగే ఎరువునే వేయడం క్షేమం. రోజంతా ఎండ తగలాలి. నీడలో కణుపుల మధ్య దూరం పెరిగి కొమ్మలు సాగుతాయి, పూత తగ్గుతుంది. ఇవి ఇంట్లో బల్ల మీద పెట్టుకునే మొక్కలు కావు.

కుండీ మార్పు

జపాన్ పద్ధతిలో ఆకు రాల్చే చెట్లకు శీతకాలం చివర, మొగ్గ పగలకముందే కుండీ మారుస్తారు. టీ ట్రీలు ఏడాది పొడవునా ఆకు నిలుపుకొనే చెట్లు. వేరు తెగితే ఆకు నీరు అడగడం మానదు. అందువల్ల చలి పూర్తిగా పోయి, కొత్త చిగురు జోరుగా వస్తున్న వెచ్చని రోజుల్లో, పూత అయిపోయాక కుండీ మార్చడం మేలు. లెప్టోస్పెర్మమ్‌లో వేళ్లను ఒకేసారి ఎక్కువ తగ్గించకూడదు. ఒక్కో మార్పులో కొంచెం కొంచెంగా తగ్గించి, పని జరుగుతున్నంతసేపూ వేళ్లను తడి గుడ్డతో కప్పి ఉంచి, తర్వాత కొన్ని వారాలు గాలి తగలని పాక్షిక నీడలో పెట్టాలి. మెలలూకాలు వేళ్ల కోతను ఇంతకన్నా బాగా తట్టుకుంటాయి.

కత్తిరింపు

ఈ కళలో నేర్చుకోవలసిన అసలు విషయం ఇక్కడే ఉంది. లెప్టోస్పెర్మమ్ కొమ్మను ఆకు ఉన్నంత మేరకే కత్తిరించాలి. ఆకుపచ్చ దాటి వెనక్కి, ఒట్టి కట్టెలోకి కోస్తే ఆ కొమ్మ మళ్లీ చిగురించదు, ఎండిపోతుంది. పైన్ చెట్టు పెంచినవారికి ఇది తెలిసిన సంగతే. ఫైకస్, మర్రి, రావి పెంచిన చేతులు మాత్రం తప్పకుండా పొరబడతాయి. వాటిని మోడు చేసినా చిగురు వేస్తాయి కదా.

అందుకని చిన్ననాటి నుంచే ప్రతి కొమ్మలోనూ మానుకు దగ్గరగా పచ్చని రెమ్మలను కాపాడుకుంటూ రావాలి. పూత ముగిసిన వెంటనే కొసలు తుంచితే వెనక చిగుళ్లకు బలం వస్తుంది. ఎండుకాయలు ఎక్కువగా ఉంటే కొన్ని తీసేయాలి. ఏడాదంతా కొసలు తుంచుతూనే ఉంటే పూత రాదు.

మెలలూకా దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముదురు మానును తెగనరికినా బెరడు లోంచి గుత్తులుగా చిగుళ్లు వస్తాయి. వాటిలో అక్కర్లేనివి గిల్లేస్తూ ఉండడమే పని.

తీగ, ఆకృతి

లెప్టోస్పెర్మమ్ లేత కొమ్మలు తీగ చుట్టి వంచడానికి అనువైనవి. ముదిరితే కట్టె గట్టిపడి పుటుక్కున విరుగుతుంది. పెద్ద కొమ్మలను చుట్టే బదులు, తాడుతోనో తీగతోనో కిందికి లాగి కట్టి, నెలల తరబడి కొంచెం కొంచెంగా బిగించడం మంచిది.

ఇక ఏ రూపంలో మలచాలన్న ప్రశ్న. మెల్‌బోర్న్ పక్కన పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒడ్డున, బ్యూమారిస్ వైపు నడిస్తే ముసలి కోస్ట్ టీ ట్రీలు కనిపిస్తాయి. మాను నిటారుగా ఉండదు. తాడు పేనినట్టు మెలికలు తిరిగి, కొంతదూరం నేల మీద వాలి మళ్లీ పైకి లేస్తుంది. కింద కొమ్మలన్నీ నగ్నంగా పాముల్లా సాగి ఉంటాయి. ఆకంతా కొసల్లో గొడుగులా పరుచుకుంటుంది. మానులో ఒక పక్క ఎండి వెండి రంగుకు తిరిగితే, రెండో పక్క మిగిలిన బెరడు పట్టీతోనే చెట్టు బతుకుతూ ఉంటుంది. సముద్రపు గాలి ఏళ్ల తరబడి చేసిన పని ఇది. ఈ చెట్టును పైన్‌లా త్రికోణంగా, అంతస్తులుగా తీర్చిదిద్దితే నీటుగా ఉంటుంది, టీ ట్రీలా ఉండదు. వాలుమాను, గాలివాటు రూపం, జంట మాను, గుంపుగా లేచిన మొదళ్లు: ఇవి దీని సొంత రూపాలు. చెట్టులో ఒక భాగం చనిపోతే దాన్ని దాచకుండా ఎండు మానుగా మలచడమూ ఈ జాతికి సహజమే.

తెగుళ్లు

గూడు కట్టే గొంగళి పురుగులు రెమ్మలను దారాలతో అల్లి లోపల తింటాయి. వాటిని చేత్తో ఏరేయడం సులువు. పొలుసు పురుగులు వదిలే జిగట మీద నల్లని మసి బూజు పడుతుంది. ముందు పొలుసు పురుగును వదిలించాలి, బూజు దానంతట అదే పోతుంది. మిర్టేసి కుటుంబానికంతటికీ ముప్పుగా మారిన మిర్టిల్ రస్ట్ ఆస్ట్రేలియాలో తొలిసారి 2010లో న్యూ సౌత్ వేల్స్‌లో కనిపించింది. లేత చిగుళ్ల మీద పసుపు పొడి కనిపిస్తే అనుమానించాలి.

మొక్కల సేకరణ

ఆస్ట్రేలియాలో జాతీయ పార్కుల నుంచి, రక్షిత ప్రాంతాల నుంచి అనుమతి లేకుండా మొక్కలు తవ్వడం నేరం. తవ్వినా లెప్టోస్పెర్మమ్ వేళ్లు ఆ దెబ్బకు తట్టుకోవడం కష్టం. నర్సరీ మొక్కతోనో విత్తనంతోనో మొదలుపెట్టడమే న్యాయమైన దారి. విత్తనం ధూళిలా ఉంటుంది. మట్టి మీద పలచగా చల్లి, పైన కప్పకుండా, కుండీని నీళ్ల పళ్లెంలో ఉంచి మొలిపిస్తారు.

ఆస్ట్రేలియా బోన్సాయ్‌లో స్థానం

1984లో వెలువడిన డెబోరా కోరెషాఫ్ గ్రంథం ‘బోన్సాయ్: ఇట్స్ ఆర్ట్, సైన్స్, హిస్టరీ అండ్ ఫిలాసఫీ’ ఆస్ట్రేలియా పెంపకందారులకు ముఖ్యమైన పుస్తకం. కాన్‌బెర్రాలో 2008లో మొదలైన జాతీయ బోన్సాయ్, పెన్‌జింగ్ (చైనా సంప్రదాయపు కుండీ చెట్ల కళ) సేకరణ, 2013లో ప్రజలకు తెరిచిన నేషనల్ ఆర్బొరీటమ్‌లో ఇప్పుడు ఉంది. అక్కడ జపాన్, చైనా సంప్రదాయపు చెట్ల సరసన ఆస్ట్రేలియా సొంత జాతులకూ చోటు దక్కింది.

తెలుగు పాఠకులకు

మన ఊళ్ల పార్కుల్లో ఎర్రని కుంచెల్లాంటి పూలు పూసే బాటిల్ బ్రష్ ఈ చెట్లకు దగ్గరి బంధువు. కొందరు శాస్త్రజ్ఞులు దాన్ని మెలలూకాల్లోనే చేరుస్తారు. ముదురు కట్టె మీద కూడా చిగురించే గుణం దానికీ ఉంది. కాబట్టి నేర్చుకోవాలనుకునేవారికి అదే మంచి మొదటి మెట్టు. ఆస్ట్రేలియా నుంచి వచ్చేవారు మొక్కలను సంచిలో వేసుకుని తేకూడదు. మన దేశంలో 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగువారు మాత్రం మొక్క కొనేముందు ఒక సాయంత్రం పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒడ్డున నడిచి, ముసలి టీ ట్రీలను దగ్గరగా చూడండి. కుండీలో చెట్టును ఎలా మలచాలో అవే చూపిస్తాయి. ఆ తర్వాత కత్తెర పట్టినప్పుడు, కొమ్మ మీద పచ్చదనం ఎక్కడిదాకా ఉందో చూసుకుని అక్కడే ఆగండి.