మొబిలిటీ స్కూటరా.. పవర్ వీల్‌చైరా? కొనేముందు బాత్‌రూమ్ తలుపు కొలవండి!

ఇంట్లో అమ్మకో, నాన్నకో నడక కష్టమైతే పిల్లలకు ముందుగా వచ్చే ఆలోచన.. బ్యాటరీ బండి కొనేద్దామని. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టేస్తారు. తీరా వచ్చాక అది హాల్లో మలుపు తిరగదు, బాత్‌రూమ్‌లోకి పోదు. కొన్నాళ్లకు దుప్పటి కప్పుకుని మూలన పడుతుంది. పెద్దాయన మళ్లీ మంచానికే పరిమితం! అలా కాకూడదంటే ఈ విషయాలు తెలుసుకోండి.

రెండింటికీ తేడా ఏంటి?

మొబిలిటీ స్కూటర్‌కు ముందు హ్యాండిల్ ఉంటుంది. మూడు లేదా నాలుగు చక్రాలతో, పొడవుగా ఉంటుంది. పవర్ వీల్‌చైర్‌కు హ్యాండిల్ ఉండదు. చేతి దగ్గరున్న జాయ్‌స్టిక్‌ను ఎటు కదిపితే అటు వెళ్తుంది. చిన్న జాగాలోనే వెనక్కి తిరుగుతుంది. ఈ స్కూటర్‌ను రోడ్డు మీద నడిపే పక్క చక్రాల స్కూటీతో పోల్చొద్దు. దీని వేగం చాలా తక్కువ, ట్రాఫిక్‌లోకి పనికిరాదు.

ఎవరికి ఏది?

నాలుగడుగులు వేయగలిగి, ఎక్కువ దూరం నడవలేని వాళ్లకు స్కూటర్ సరిపోతుంది. మోకాళ్ల అరుగుదల, ఆయాసం ఉన్నవాళ్లు పార్కుకో, గుడికో, కాలనీలో కిరాణా కొట్టుకో వెళ్లి రావొచ్చు. అయితే నిటారుగా కూర్చోగలగాలి, హ్యాండిల్ పట్టుకునే బలం చేతుల్లో ఉండాలి.

పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినా, వెన్నుపూస దెబ్బతిన్నా పవర్ వీల్‌చైరే మేలు. జాయ్‌స్టిక్‌ను పనిచేసే చేతి వైపు పెట్టించుకోవచ్చు. రోజంతా కూర్చునే వాళ్లకు పుండ్లు పడే ప్రమాదం ఉంటుంది. అందుకే మంచి కుషన్, వీలైతే వెనక్కి వాలే సీటు ఉన్నది చూడాలి. కండరాల క్షీణత లాంటి ముదిరే జబ్బు ఉంటే.. ఈ రోజు పరిస్థితి మాత్రమే కాదు, రెండేళ్ల తర్వాత ఎలా ఉంటుందో కూడా డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.

టేప్ తీయండి

వీల్‌చైర్ సాఫీగా తిరగాలంటే తలుపు దారి సుమారు 90 సెంటీమీటర్లు, అంటే మూడు అడుగులు ఉండాలి. మన ఇళ్లలో బాత్‌రూమ్ తలుపులు చాలావరకు రెండున్నర అడుగులే. కాబట్టి బండి వెడల్పు, తలుపు వెడల్పు రెండూ కొలిచాకే డబ్బు కట్టండి. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ లోపలి కొలత కూడా తీసుకోండి.

గడప ముందు ర్యాంప్ విషయంలో లెక్క ఒక్కటే. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. నిటారుగా కట్టేస్తే బండి వెనక్కి పడే ప్రమాదం ఉంది.

ఈ లివర్‌తో జాగ్రత్త

చాలా మోడళ్లలో జాయ్‌స్టిక్ వదలగానే బ్రేక్ దానంతటదే పడుతుంది. ఛార్జింగ్ అయిపోతే చేత్తో తోయడానికి మోటార్‌ను విడదీసే లివర్ ఉంటుంది. అది వేస్తే ఆ బ్రేక్ కూడా పనిచేయదు. వాలు మీద ఉన్నప్పుడు దాన్ని అస్సలు ముట్టుకోవద్దు!

బరువు కూడా చూసుకోవాలి. మడతపెట్టే పవర్ వీల్‌చైర్లే 25 కిలోలకు అటూఇటూ ఉంటాయి, పెద్దవి అంతకు రెట్టింపు దాటుతాయి. కారు డిక్కీలోకి ఎవరు ఎత్తుతారో ముందే ఆలోచించండి.

మూడో దారీ ఉంది

చేతుల్లో బలం ఉండి, ఇంట్లోనూ బయటా తిరగాలనుకునే వాళ్లకు మామూలు వీల్‌చైర్‌కే ముందు మోటార్ తగిలించుకునే పరికరాలు వచ్చాయి. ఐఐటీ మద్రాస్ 2021లో తీసుకొచ్చిన నియోబోల్ట్ అలాంటిదే. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఇంటికొచ్చాక మోటార్ భాగం విప్పేయొచ్చు.

ప్రభుత్వ సాయం

కేంద్రం అమలు చేసే ఏడీఐపీ పథకం కింద దివ్యాంగులకు ఉపకరణాలు ఇస్తారు. కాన్పూర్‌లోని అలిమ్‌కో బ్యాటరీ ట్రైసైకిళ్లు తయారు చేస్తోంది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి, ఆదాయ పరిమితి కూడా ఉంటుంది. మోటార్ బండికైతే వైకల్య శాతం ఇంకా ఎక్కువ అడుగుతారు. సదరం సర్టిఫికెట్ పట్టుకుని జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

చివరగా.. కొనేది పిల్లలైనా, కూర్చునేది పెద్దవాళ్లు. ఆర్డర్ పెట్టేముందు వాళ్లను ఒక్కసారి ఆ సీట్లో కూర్చోబెట్టి, వాళ్ల చేతే నడిపించి చూడండి.